పైలట్లకు సీనియారిటీ లిస్టు ఉండాలా, తీసెయ్యాలా?

కావలి_సీపీఎల్
అన్నలందరికీ నమస్తే. సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్సు) అయిపోవస్తా ఉంది, ఇంక కంపెనీలకు అప్లై చెయ్యాల. ఒక సందేహం. అమెరికాలో పైలట్ బతుకంతా ఒక్క నంబరు మీద నడుస్తుందంట. చేరిన తేదీ బట్టి లిస్టులో నంబరు. ఏ ఊర్లో బేస్ (డ్యూటీ మొదలయ్యే ఎయిర్‌పోర్టు), ఏ విమానం, కెప్టెన్ ఎప్పుడు, పండక్కి ఇంట్లో ఉంటామా లేదా, అన్నీ దాన్నిబట్టే. ఎంత బాగా తోలినా నంబరు మారదు. ఇదేం పద్ధతి? మన దేశంలో ఎట్లా ఉంది? కంపెనీ చూసుకునేటప్పుడు ఇది పట్టించుకోవాల్నా?

బిట్రగుంట_షెడ్
పద్ధతికేమబ్బయా, బ్రహ్మాండంగా ఉంది. రైల్వేలో మేమంతా దాని మీదే కదా ఉండేది. అసిస్టెంట్ లోకో పైలట్‌గా చేరినోడు గూడ్సు, ప్యాసింజరు, మెయిల్ ఎక్స్‌ప్రెస్ అని వరసన పోవాల్సిందే. ఆఫీసరు బంధువని ఒకణ్ణి గూడ్సు నుంచి నేరుగా ఎక్స్‌ప్రెస్ ఎక్కించరు. అయితే మా దగ్గర ఒక తేడా ఉంది. ఒకే బ్యాచ్‌లో చేరినోళ్లకి సీనియారిటీ ట్రైనింగ్ చివర పరీక్షలో వచ్చిన మెరిట్ బట్టి ఇస్తారు. ఎస్టాబ్లిష్‌మెంట్ మాన్యువల్ 303వ పేరా. మెరిట్ మొదట్లో ఒక్కసారి కొలిచి, ఆ తర్వాత దాని జోలికి పోరు.

సొంత కోరికతో వేరే డివిజన్‌కి బదిలీ పెట్టుకుంటే మాత్రం ఆ డివిజన్ లిస్టులో అట్టడుక్కి పోవాల. అది 312వ పేరా. గూడూరు, బిట్రగుంట వైపు రావాలని ఆశపడి సీనియారిటీ పోగొట్టుకునేది ఇక్కడే.

చీమకుర్తి_గెలాక్సీ
రైలు లెక్క వేరు. రైల్వే ఒక్కటే కంపెనీ, మూతపడదు. ఎయిర్‌లైన్లు పడతాయి. 2012లో కింగ్‌ఫిషర్, 2019 ఏప్రిల్‌లో జెట్. అంతకుముందు అమెరికాలో పాన్ యామ్, ఈస్టర్న్. 20 ఏళ్లు ఎగిరినోడు కంపెనీ మూతపడగానే ఇంకో అమెరికన్ పెద్ద కంపెనీకి పోతే మొదటి సంవత్సరం ఫస్ట్ ఆఫీసర్ (కో-పైలట్) జీతంతో, నిన్న చేరిన పిల్లోడి కింద నంబరుతో మొదలుపెట్టాల. ఏ డాక్టరుకైనా, ఏ ఇంజినీరుకైనా ఈ గతి ఉందా? అనుభవానికి విలువ లేని చోట సీనియారిటీ అనే మాటే తప్పు. అది కంపెనీకి కట్టేసే తాడు. యాజమాన్యాలకి అది కావాలి కూడా: పదేళ్లు దాటినోడు ఎంత కడుపు మండినా వదిలిపోడు.

ఎ320_ఒంగోలు
ఇద్దరూ రెండు వేర్వేరు సంగతులు మాట్లాడుతున్నారు. ముందు కొన్ని విడదీస్తాను.

సీనియారిటీ నంబరు ఒకటి, సర్వీసు కాలం ఒకటి. అమెరికా కాంట్రాక్టుల్లో జీతం సర్వీసు ఏళ్లను బట్టి, విమానం రకాన్ని బట్టి, కుడి సీటా (ఫస్ట్ ఆఫీసర్) ఎడమ సీటా (కెప్టెన్) అన్నదాన్ని బట్టి. ఆ పట్టిక చాలా కంపెనీల్లో 12వ ఏటితో ఆగిపోతుంది. 13వ ఏడైనా 30వ ఏడైనా గంటకి అదే రేటు. నంబరు వల్ల నేరుగా జీతం పెరగదు. అది వచ్చిన ఖాళీని ముందు ఎవరు ఎంచుకోవాలో చెబుతుంది. అంతే.

ఇక లైసెన్సు, నైపుణ్యం లెక్క పూర్తిగా వేరు. కెప్టెన్‌కి కావాల్సిన ఏటీపీఎల్ లైసెన్సుకి మన దగ్గర 21 ఏళ్లు నిండాలి, 1500 గంటలు ఉండాలి. ఆరు నెలలకోసారి సిమ్యులేటర్‌లో ప్రొఫిషియెన్సీ చెక్. అందులో ఫెయిలైతే నంబరు 1 అయినా నేల మీద కూర్చోవాల్సిందే. వంతు వచ్చినంత మాత్రాన కెప్టెన్ కాలేడు. గ్రౌండ్ క్లాసులు, సిమ్యులేటర్ సెషన్లు, ఆపై ట్రైనర్ పక్కన కూర్చుని లైన్ మీద సూపర్‌వైజ్డ్ సెక్టార్లు, చివరికి చెక్. ఇవన్నీ దాటాలి. లిస్టు పిలుపు వరకే.

రోస్టర్_రాజుపాళెం
క్రూ ప్లానింగ్ వైపు నుంచి లెక్క చెబుతా, అప్పుడు నంబరు విలువ తెలుస్తుంది.

ఒక బేస్‌లో ఎ320 కెప్టెన్లు 120 మంది అనుకోండి. అందులో 20 శాతం రిజర్వు. అంటే 24 మంది స్టాండ్‌బై, 96 మందికి రెగ్యులర్ లైన్, అంటే ముందే ఖాయమైన నెల డ్యూటీలు. 97వ నంబరు నుంచి కింద ఉన్నోళ్లంతా ఫోను చేత్తో పట్టుకుని కూర్చునేవాళ్లే. కంపెనీ ఇంకో పదిమంది జూనియర్లని ఆ బేస్‌కి తెచ్చిందనుకోండి. 130లో 20 శాతం 26. ఇప్పుడు 104వ నంబరు దాకా లైన్ దొరుకుతుంది. 97 నుంచి 104 దాకా ఉన్న ఎనిమిది మంది ఏమీ చెయ్యకుండానే రిజర్వు నుంచి బయటపడతారు. అందుకే పైలట్లు తమ నంబరు కంటే తమ కింద ఎంతమంది చేరుతున్నారు అనేది ఎక్కువ చూసుకుంటారు. చిన్న కంపెనీలో 50వ నంబరు కంటే, పెరిగే కంపెనీలో 800వ నంబరు మేలు కావచ్చు.

ఏ ట్రిప్పులు, ఏ సెలవులు కావాలో పైలట్లు ముందే కోరుకోవడాన్ని బిడ్డింగ్ అంటారు. దాని సాఫ్ట్‌వేర్ పని చేసేది ఇట్లా: 1వ నంబరు కోరికలు తీర్చి, మిగిలిన దాంట్లోంచి 2వ నంబరుకి, ఆపై 3కి. అయితే దీపావళికి పైన ఉన్నోళ్లంతా సెలవడిగితే కింద మిగిలినోళ్లతో ఆ రోజు ఫ్లైట్లన్నీ నడవవు. అప్పుడు సాఫ్ట్‌వేర్ వెనక్కి వచ్చి కొందరు సీనియర్ల కోరికలు కూడా కొట్టేస్తుంది. "నా కంటే జూనియర్‌కి ఎట్లా ఇచ్చారు" అని ఫోన్లు వచ్చేది అక్కడే. ఫోన్ చేసినోడికి విశ్రాంతి గంటలు సరిపోక ఆ ట్రిప్పు చట్టప్రకారం ఇవ్వలేకపోయి ఉంటారు. నిరాకరణకు కారణం చూపే రిపోర్టు వస్తుంది, అది చదవరు.

మన దేశంలో చానా వరకు కంపెనీయే రోస్టర్ వేస్తుంది, మనం కొన్ని రిక్వెస్టులు పెట్టుకోవచ్చు. గల్ఫ్ వైపు బిడ్డింగ్‌లో ముందు వంతు నెలనెలా గుంపుల మధ్య తిప్పే పద్ధతి కూడా ఉంది. ఈ నెల నువ్వు ముందు, వచ్చే నెల నేను. సెలవుల వరకు నాకైతే అదే నచ్చుతుంది. దసరా, సంక్రాంతి రెండూ ఒకడే 20 ఏళ్ల పాటు మింగేస్తే ఎట్లా?

చీమకుర్తి_గెలాక్సీ
అట్లా అడగండి! సెలవులు వంతులేసుకుని తిప్పగలిగినప్పుడు కమాండ్ (కెప్టెన్ పదవి) ఎందుకు మెరిట్ మీద ఇవ్వకూడదు? చెక్‌లో ఒకడు బొటాబొటీగా గట్టెక్కుతాడు, ఇంకోడు అద్భుతంగా చేస్తాడు. రెండోవాడు మూడేళ్లు ఎందుకు ఆగాలి?

ఎ320_ఒంగోలు
మెరిట్ దేంతో కొలుస్తారు? గట్టిగా ఆలోచించి చెప్పండి, ఈ చర్చంతా దాని మీదే నిలబడింది.

ఇంధనం ఆదా చేసినోడికి మార్కులు వేస్తే, చెన్నైలో ఉరుములున్న సాయంత్రం అదనంగా ఒక టన్ను పోయించుకోవాల్సినోడు మార్కుల కోసం మానేస్తాడు. టైముకి దింపినోడికి వేస్తే, గో అరౌండ్ (దిగడం మానుకుని మళ్లీ పైకి లేవడం) చెయ్యాల్సిన చోట దిగడానికి తెగిస్తాడు. సిక్ పెట్టనోడికి వేస్తే జ్వరంతో ఎగురుతాడు, అలసట రిపోర్టు రాయడు. ఈ వృత్తిలో మంచి కెప్టెన్ చేసే అతి పెద్ద పని 'వద్దు' అనడం. ఈ విమానం తీసుకోను, ఈ వాతావరణంలో దిగను, డ్యూటీ పొడిగించను. ప్రతి 'వద్దు' కంపెనీకి డబ్బు ఖర్చే. ఆ మాట అన్నవాడి ప్రమోషన్ అదే కంపెనీ మేనేజరు చేతిలో ఉంటే ఎన్నాళ్లు అంటాడు? 'వద్దు' అన్నా తన నంబరు ఎక్కడికీ పోదని తెలిసినోడు ధైర్యంగా అనగలడు. నాకు లిస్టు మీద నమ్మకం ఉన్నది ఈ ఒక్క కారణానికే, మిగతావి బేరాలు.

ఫ్లైట్ డేటా రికార్డింగులు చూసి ర్యాంకులిస్తే పోతుంది కదా అని అడగబోతారు. ఆ డేటా భద్రత కోసం, శిక్షించడానికి కాదన్న నమ్మకం మీద నడుస్తోంది. దాన్ని ప్రమోషన్‌కి వాడిన రోజున జనం విమానాన్ని కాదు, డేటాని తోలడం మొదలుపెడతారు.

చీమకుర్తి_గెలాక్సీ
కెప్టెన్‌కి రక్షణ చట్టం ఇవ్వాలి సార్, క్యూ కాదు. మరి సీనియర్ అనే అహంకారంతో జరిగిన ప్రమాదాలో? 2010 మే 22 మంగళూరు. కో-పైలట్ గో అరౌండ్ అన్నా కెప్టెన్ వినలేదు. 158 మంది పోయారు.

ఎ320_ఒంగోలు
మంగళూరు ఉదాహరణ మీ వాదనకి పనికిరాదు. ఆ కెప్టెన్ కంపెనీ సీనియారిటీ వరసలో పైకొచ్చినవాడు కాదు, విదేశీ కాంట్రాక్టు కమాండర్. అక్కడి జబ్బు కాక్‌పిట్‌లో పెద్దరికం ముందు నోరు పెగలకపోవడం, అస్థిరంగా వస్తున్న అప్రోచ్‌ని వదలకపోవడం, పైగా ప్రయాణంలో చాలాసేపు నిద్రలో ఉండి లేచిన మత్తు. దానికి మందు సీఆర్‌ఎమ్ శిక్షణ, అంటే కాక్‌పిట్‌లో అందరూ నోరు విప్పి కలిసి పనిచెయ్యడం నేర్పేది. 1978లో పోర్ట్‌లాండ్ దగ్గర యునైటెడ్ 173 ఇంధనం అయిపోయి కూలింది, ఆ తర్వాత 1981లో అదే కంపెనీ ఈ శిక్షణ మొదలుపెట్టింది. లిస్టు ఉన్నా లేకున్నా ఆ జబ్బు రాగలదు.

ఇంకోటి గమనించండి. లిస్టు ఉన్న కంపెనీల్లో కుడి సీటులో కూర్చున్నోడి నంబరు కెప్టెన్ నంబరు కంటే పైన ఉండటం మామూలే. కమాండ్ తీసుకుంటే రిజర్వుకి, వేరే బేస్‌కి పోవాలని తెలిసి చాలామంది సీనియర్ ఫస్ట్ ఆఫీసర్‌గానే ఉండిపోతారు. విమానంలో మాత్రం ఎడమ సీటు మాటే మాట.

మీరు నిజంగా వాడుకోదగ్గ ఉదాహరణ 2009 ఫిబ్రవరిలో బఫెలో దగ్గర కూలిన కోల్గాన్ 3407. ఆ కెప్టెన్ అంతకుముందు పలు చెక్‌లలో ఫెయిలై, మళ్లీ చేసి పాసైనవాడు. 'ఎప్పటికో అప్పటికి పాసైతే చాలు' అనే గేటు బలహీనమైనదని ఒప్పుకోవాల్సిందే. అక్కడ బిగించాల్సింది గేటు.

బిట్రగుంట_షెడ్
అదీ మాట. గేటు గట్టిగుండాల, వరస న్యాయంగుండాల.

దర్గామిట్ట_లా
చట్టం సంగతి క్లుప్తంగా. విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ అనే ప్రభుత్వ సంస్థ లైసెన్సు, డ్యూటీ గంటలు, శిక్షణ చూస్తుంది. ఎవరు ముందు కెప్టెన్ కావాలో చెప్పే నియమం దాని దగ్గర లేదు, అది కంపెనీ పాలసీ లేదా యూనియన్ ఒప్పందం. ఉద్యోగాల కోత వరకైతే 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న 1947 పారిశ్రామిక వివాదాల చట్టం 25-జి చెప్పింది 'చివర వచ్చినవాడు ముందు పోవాలి' అనే. కారణం రాసిపెట్టి యజమాని దాన్ని దాటే వీలుండేది. 25-హెచ్ ప్రకారం మళ్లీ తీసుకునేటప్పుడు తీసేసినవాళ్లకి మొదటి అవకాశం ఇవ్వాల్సి ఉండేది. ఇవి 'వర్క్‌మన్' (చట్టం లెక్కలో కార్మికుడు) కిందికి వచ్చేవాళ్లకే వర్తించేవి. పైలట్ వర్క్‌మనా కాదా అన్నది కోర్టుల్లో బాగా నలిగిన ప్రశ్న. అందుకే నియామక పత్రంలో రాసిందే మీకు మొదటి ఆధారం. నోటి మాట నమ్మొద్దు.

ఇంకొకటి: మన దగ్గర కంపెనీ మారాలంటే సీనియారిటీ కంటే ముందు అడ్డొచ్చేది నోటీసు కాలం. 2017 నుంచి కెప్టెన్‌కి ఏడాది, కో-పైలట్‌కి ఆరు నెలలు.

కావలి_సీపీఎల్
అంటే మన దగ్గర మారితే కెప్టెన్ కెప్టెన్‌గానే పోవచ్చా?

ఎ320_ఒంగోలు
ఆ రకం విమానం మీద రేటింగ్, గంటలు ఉండి, తీసుకునే కంపెనీకి అవసరం ఉంటే పోవచ్చు. ఇండియాలో, గల్ఫ్‌లో నేరుగా కెప్టెన్లను తీసుకోవడం ఉంది. అమెరికా పెద్ద కంపెనీల్లో అది దాదాపు లేదు. జెట్ మూతపడ్డప్పుడు దాని 737 విమానాల్లో కొన్ని, పైలట్లలో కొందరు స్పైస్‌జెట్‌కి పోయారు, ఎందుకంటే విమానం అదే. ఎ320 కంపెనీలకి పోయినోళ్లు మళ్లీ టైప్ రేటింగ్ (ఆ రకం విమానం తోలడానికి అర్హత శిక్షణ) చెయ్యాల్సి వచ్చింది. దీనికి రెండో వైపూ ఉంది. బయటినుంచి ఒక కెప్టెన్‌ని దించిన ప్రతిసారీ లోపల ఎదురుచూస్తున్న ఫస్ట్ ఆఫీసర్ వంతు ఒకటి వెనక్కి పోతుంది.

రోస్టర్_రాజుపాళెం
లిస్టు వల్ల కంపెనీకి పడే ఖర్చు ఎవరూ చెప్పలేదు. మందగమనంలో ఒక 777 కెప్టెన్ పోస్టు తీసేశారనుకోండి. ఆయన సీనియర్, ఇంటికి పోడు. 787లో అందరికంటే జూనియర్ కెప్టెన్‌ని కదిపి ఆ సీటు తీసుకుంటాడు. కదిలినాయన ఎ320 ఎడమ సీటుకి. అక్కడి జూనియర్ కెప్టెన్ కుడి సీటుకి. కుడి సీటులో చివరివాడు ఇంటికి. తీసింది ఒక్క పోస్టు, శిక్షణలు మూడు. ఒక్కో టైప్ రేటింగ్‌కి నెలన్నర, రెండు నెలలు, పైన లైన్ ట్రైనింగ్. ఆ కాలమంతా వాళ్లకి జీతం ఉంటుంది, ఫ్లయింగ్ ఉండదు. ఇట్లాంటివి వందల్లో ఒకేసారి వస్తే సిమ్యులేటర్లు చాలవు. అందుకే ఒకసారి శిక్షణ తీసుకుంటే రెండేళ్ల దాకా సీటు మారకూడదని లాక్ పెడతారు.

వయసు సంగతి కూడా. అమెరికాలో రిటైర్మెంట్ 60 నుంచి 65కి 2007 డిసెంబర్‌లో పెంచారు. పైన ఖాళీలు అయిదేళ్లు ఆగిపోయాయి, మరుసటేడు మాంద్యం. ఆ కాలంలో కింద ఉన్నోళ్లు ఎక్కడివాళ్లక్కడే. క్యూ న్యాయమైనదే, కదలకపోతే ఎవరికి చెప్పుకోవాల?

చీమకుర్తి_గెలాక్సీ
రెండు కంపెనీలు కలిస్తే మీ న్యాయమైన క్యూ ఏమవుతుందో అది కూడా చెప్పండి.

దర్గామిట్ట_లా
అసలు కష్టం అక్కడే. లెక్కగా చూద్దాం. 'ఎ'లో 300 మంది, పాత కంపెనీ, పదేళ్ల సర్వీసున్న ఫస్ట్ ఆఫీసర్లు చాలామంది. 'బి'లో 150 మంది, వేగంగా పెరిగింది, ఆరేళ్లకే కెప్టెన్లు. చేరిన తేదీ బట్టి కలిపితే 'బి' కెప్టెన్లు 'ఎ' ఫస్ట్ ఆఫీసర్ల కిందికి పోతారు. కోత వస్తే ఎడమ సీటు పోతుంది. నిష్పత్తి బట్టి ఇద్దరు 'ఎ' వాళ్లకి ఒక 'బి' అని అల్లితే, పదేళ్లవాడి పైన ఆరేళ్లవాడు కూర్చుంటాడు. 'బి' మొత్తాన్ని చివర అంటించేస్తే, దాన్ని స్టేపుల్ చెయ్యడం అంటారు, అది దోపిడీ. మధ్యేమార్గంగా ఫెన్స్ పెడతారు: ఫలానా ఏళ్ల దాకా 'ఎ' పెద్ద విమానాల సీట్లు 'ఎ' వాళ్లకే.

2005లో యూఎస్ ఎయిర్‌వేస్, అమెరికా వెస్ట్ కలిశాయి. 2007లో ఆర్బిట్రేటర్ నికొలావ్ తీర్పిచ్చాడు: పైన 517 స్థానాలు ఈస్ట్ (పాత యూఎస్ ఎయిర్‌వేస్) వాళ్లకి, ఫర్లోలో (పనిలేక తాత్కాలికంగా పక్కనపెడితే) ఇంటి దగ్గరున్న ఈస్ట్ వాళ్లు అడుగున. ఈస్ట్ పైలట్లు ఒప్పుకోలేదు. వాళ్లు మెజారిటీ కాబట్టి 2008లో పాత యూనియన్‌నే మార్చేశారు. కోర్టుల్లో ఏళ్లు నడిచింది. 2013లో అమెరికన్ ఎయిర్‌లైన్స్‌తో కలిసిన తర్వాత గానీ కొత్త లిస్టు దారికి రాలేదు. అంతకుముందు 2001లో టీడబ్ల్యూఏ అనే ఎయిర్‌లైన్ వాళ్లని అమెరికన్ లిస్టులో కిందికి నెట్టిన గొడవ వల్లే, కలిపేటప్పుడు న్యాయంగా సమానంగా కలపాలని, కుదరకపోతే మధ్యవర్తికి పోవాలని 2007లో మెకాస్కిల్-బాండ్ చట్టం వచ్చింది.

మన దగ్గర ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ 2007లో కలిశాయి. 2012లో కొత్త 787 శిక్షణ ఎవరికి అన్నదాని మీద ఎయిర్ ఇండియా వైపు పైలట్లు 58 రోజులు సమ్మె చేశారు. వందమంది దాకా ఉద్యోగాలు పీకి, తర్వాత తీసుకున్నారు. ధర్మాధికారి కమిటీ వేసింది ఈ కలయిక చిక్కులు తేల్చడానికే. కంపెనీలు కాగితం మీద ఒక రోజులో కలుస్తాయి. లిస్టులు కలవవు.

చీమకుర్తి_గెలాక్సీ
మరి ఒకే జాతీయ లిస్టు పెట్టండి! లైసెన్సు వచ్చిన తేదీ బట్టి, ఎక్కడికి పోయినా అదే నంబరు.

రోస్టర్_రాజుపాళెం
వినడానికి బాగుంటుంది. ఒక కంపెనీ మూతపడి 500 మంది సీనియర్లు ఇంకో కంపెనీ లిస్టు మధ్యలో దిగితే ఆ కంపెనీ జూనియర్లు ఊరుకుంటారా? ఒక్క యూనియన్ కూడా ఓటెయ్యదు. జీతం లెక్కకి పాత సర్వీసు కలిపి, వంతు మాత్రం కొత్తగా ఇవ్వడం వరకైతే సాధ్యమే. దానికి ఎవరి సీటూ పోదు.

బిట్రగుంట_షెడ్
అబ్బయా కావలీ, ఇదంతా విని భయపడబాకు. కంపెనీని నువ్వడగాల్సింది చిన్న చిన్న విషయాలు. సార్లు చెప్పండి.

ఎ320_ఒంగోలు
మొదట, సీనియారిటీ తేదీ ఏది? చేరిన రోజా, టైప్ రేటింగ్ పూర్తయిన రోజా, లైన్‌కి రిలీజైన (శిక్షణ అయిపోయి మామూలు డ్యూటీకి వదిలిన) రోజా? సిమ్యులేటర్ స్లాట్ దొరకక ఒకే బ్యాచ్‌లో కొందరు రెండు మూడు నెలలు వెనకబడతారు. తేదీ 'రిలీజ్' అయితే వాళ్ల తప్పు లేకుండా కిందికి పోతారు. చేరిన తేదీ అని రాసిన కంపెనీ మేలు.

రెండోది, మెడికల్‌గా తాత్కాలికంగా అన్‌ఫిట్ అయినా, ప్రసూతి సెలవులో ఉన్నా నంబరు నడుస్తుందా, ఆగుతుందా? కమాండ్ చెక్ ఫెయిలైతే మళ్లీ ఎన్ని నెలలకి, ఎన్నిసార్లు? బాండ్ (మధ్యలో వదిలిపోతే కట్టాల్సిన డబ్బు) ఎంత, ఏడాదికేడాది తగ్గుతుందా?

బేస్ బదిలీ వెయిటింగ్ లిస్టు సీనియారిటీ బట్టా, దరఖాస్తు తేదీ బట్టా అనేది కూడా అడుగు. నెల్లూరోళ్లంతా అడిగేది చెన్నై బేసే. దరఖాస్తు తేదీ అయితే మొదటి రోజే పెట్టెయ్. బేస్ చెన్నై వచ్చినా స్టాండ్‌బై రోజుల్లో కావలిలో కూర్చోవడం కుదరదు. పిలిస్తే గంటన్నర అటూ ఇటూలో రిపోర్టు చెయ్యమంటారు, కావలి నుంచి మీనంబాక్కానికి నాలుగు గంటలు వేసుకోవాల. దగదర్తిలో ఎయిర్‌పోర్టు వస్తే బేస్ కూడా వస్తుందని లెక్కేసుకోవద్దు. రాత్రి ఆగే విమానాలు నాలుగైదు ఉంటే గానీ ఏ కంపెనీ బేస్ పెట్టదు.

కావలి_సీపీఎల్
చానా థ్యాంక్స్ అన్నా. ఒకే రోజు 30 మంది చేరితే?

రోస్టర్_రాజుపాళెం
ఎక్కువ చోట్ల పుట్టినతేదీ, పెద్దోడు ముందు. వాడు ముందు రిటైరవుతాడు కాబట్టి ఎవరికీ పెద్ద నష్టం లేదు. కొన్ని చోట్ల చీటీలు తీస్తారు. కొన్ని చోట్ల శిక్షణ మార్కులు.

చీమకుర్తి_గెలాక్సీ
మార్కులు! చూశారా, అక్కడికే వచ్చారు.

బిట్రగుంట_షెడ్
ఒక్కసారే సామీ, మొదట్లో. 303వ పేరా.